చైనా యుద్ధానికి పది నెలల ముందు

తిరుచానూరు,
4 నవంబరు 2024.

మా తాతను నువ్వు చైనా యుద్ధంలో చంపావు మామా. చైనా యుద్ధం మొదలయ్యేసరికి ఆయన చచ్చి పది నెలలు.

నమస్కారం, క్షేమం లాంటివి ఈ ఉత్తరంలో లేవు. వెతుక్కోవద్దు. నీ ఆహ్వాన పత్రిక నిన్న చేరింది. "1962 చైనా యుద్ధంలో నలభై మంది శత్రువులను మట్టుబెట్టి వీరమరణం పొందిన అమర జవాన్ కుప్పయ్య గారి కంచు విగ్రహావిష్కరణ, జనవరి 26, వడమాలపేట కూడలి." కింద నీ పేరు, తాత పేరుకన్నా రెండింతలు లావుగా. "వీరపుత్రుడు గోవిందు, షామియానా మరియు మైక్ సెట్స్."

అవ్వ పింఛను పుస్తకం మొదటి పేజీలో తాత చనిపోయిన తేదీ ఉంది. 1961 డిసెంబరు 20. చైనా వాళ్లు వచ్చింది మరుసటి ఏడు అక్టోబరులో. నేను పదో తరగతిలో బడి మానేసి ఈ లాడ్జిలో గదులు ఊడ్చి దుప్పట్లు మడిచే పనిలో చేరినదాన్ని. నాకు చరిత్ర చెప్పింది పంతుళ్లు కాదు, యాత్రికులు మంచాల కింద వదిలిపోయిన పోటీ పరీక్షల గైడ్లు. 207 గదిలో దొరికిన గైడులో ఈ తేదీలు ఉన్నాయి. దుప్పట్లు మడిచేదానికి తెలిసిన సంగతి పత్రిక అచ్చువేయించినవాడికి తెలియదా?

అవ్వ నా దగ్గరే ఉంది గనుక ఆమె సంగతి నేనే చెప్పాలి. ఎడమ కన్ను పోయినేడే పోయింది. నీటికాసులు అన్నారు. కుడి కంట్లో ఇంకా కొంచెం వెలుగుంది. జనవరి 24న దానికి ఆపరేషన్. చూపు నిలుస్తుందని డాక్టరు మాటివ్వలేదు. అరవై మూడేళ్లుగా ఆమె దగ్గర తాత ఫోటో ఒక్కటి లేదు. ఆ కన్ను ఉండగానే ఆయన మొహం ఆమెకు ఒకసారి చూపించాలి. ఆయన ఎక్కడ చచ్చాడో, ఎట్లా చచ్చాడో ఆమెకు చెప్పాలి. నాకు కావలసింది ఇంతే.

ఆయన పోయినప్పుడు మిలిటరీ నుంచి కాగితం వచ్చింది, ట్రంకు పెట్టె వచ్చింది. రెండూ నీ ఇంట్లో ఉన్నాయి. ఫోన్ చేస్తే "పందిరేస్తా ఉండా మే, మళ్లా సేస్తా" అంటావు. పదకొండు సార్లు అన్నావు. అందుకే ఇరవై కిలోమీటర్ల దూరానికి రిజిస్టర్ పోస్టు. సంతకం పెట్టి తీసుకున్నావు కాబట్టి అందలేదనలేవు.

పెట్టెలో ఏముందో పది రోజుల్లో రాయి.

కోమలి

*

వడమాలపేట,
12 నవంబరు 2024.

కోపిష్టి మేనకోడలికి, పోస్టుమాన్ ముందు పరువు పోగొట్టుకున్న మామ రాస్తున్నది.

సంతకం పెట్టమనేసరికి అతను కోర్టు నోటీసు అనుకున్నాడు. సాయంత్రానికి ఊరంతా అనుకుంది. ఇద్దరు వచ్చి తమకు తెలిసిన వకీలు పేరు కూడా చెప్పిపోయారు.

నీ మాట నిజమే. చైనా కాదు. మా నాయన చనిపోయింది కాంగోలో. ఆఫ్రికా ఖండం. ఐక్యరాజ్య సమితి తరఫున మన పటాలం పోయింది. ఇది నేను దాచలేదు. మొదట్లో ఊళ్లో నిజమే చెప్పేవాణ్ణి. ఎట్లా ఉండేదో విను.

"కాంగో వాళ్లు మనమీదికి వచ్చినారా?" అనేవాళ్లు.

"లేదప్పా."

"మనం పొయ్యి వాళ్లమీద పడినామా?"

"లేదు. ఆడ శాంతి కాపాడేదానికి పోయినారు."

"శాంతి కాపాడతా ఎట్ట సచ్చినాడబ్బా?"

ఇరవై ఏళ్లు ఇదే అడిగారు. ఒకరోజు ఎవరో అడిగితే విసుగొచ్చి చైనా అన్నాను. అందరూ లేచి నిలబడ్డారు. అప్పటినుంచి చైనాయే. నలభై మంది అని నేను చెప్పలేదు. నేను నలుగురన్నాను, ప్రెస్సువాడు పెంచాడు.

ఇంకొకటి కూడా చెబుతాను, నీకు ఎట్లాగూ తెలుస్తుంది. ఆయన తుపాకి పట్టిన సిపాయి కాదు. వంటవాడు. గరిటె పట్టుకున్న విగ్రహానికి ఎవరు దండ వేస్తారు, నువ్వే చెప్పు.

పెట్టెలో కాగితాలు చెదలు తినేశాయి. ఫోటో అంటూ ఏదీ లేదు. అమ్మను జాగ్రత్తగా చూసుకో. 26న బస్సు ఎక్కించి తీసుకురా, ముందు వరుసలో కుషన్ కుర్చీ వేయిస్తాను.

మామ గోవిందు

*

తిరుచానూరు,
30 నవంబరు 2024.

చెదలకు కూడా నీ మాదిరే తెలివి ఉన్నట్టుంది మామా. నీకు పనికిరానివే ఏరుకుని తిన్నాయి.

సెలవు పెట్టి చిత్తూరు పోయాను. సైనికుల కాగితాలు చూసే ఒక ఆఫీసులో రెండు గంటలు నిలబడ్డాక గుమస్తా తలెత్తాడు.

"ఏ యుద్ధంలో పోయినాడమ్మా మీ తాత?"

"కాంగోలో."

"అది యుద్ధం కాదు. శాంతి పరిరక్షణ. ఈడుండేది యుద్ధంలో చనిపోయినోళ్ల జాబితా."

"అయితే శాంతిలో చనిపోయినోళ్ల జాబితా ఇవ్వండి."

"శాంతిలో ఎవురమ్మా చనిపోయేది?" అన్నాడు. ఎగతాళికి కాదు. నిజంగానే అడిగాడు.

అదే వరుసలో నా వెనక ఒక ముసలాయన ఉన్నాడు. పేరు తిరుమలయ్య, ఎనభై ఆరేళ్లు. మిలిటరీలో లారీ డ్రైవరు. పింఛను ఆగకుండా ఉండాలంటే ఆయన ప్రతి నవంబరులో తాను బతికే ఉన్నట్టు నిరూపించుకోవాలి. వేలు పెడితే మిషను ఒప్పుకోవడం లేదు. స్టీరింగు పట్టి పట్టి గీతలు అరిగిపోయాయి. పదోసారి కూడా మిషను ఈయన ఆయన కాదనే అంది. ఆ ఆఫీసులో చచ్చినట్టు కాగితం లేని మా తాత తరఫున నేను, బతికినట్టు కాగితం లేని తిరుమలయ్య, ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చున్నాం.

కాంగో అన్న మాట విని ఆయనే నా భుజం తట్టాడు. "ఎవురు మే మీ తాత?"

"కుప్పయ్య. పుత్తూరు పక్క."

"వంట కుప్పయ్యా? సంగటి కుప్పయ్యా?" ముసలాయన మొహం మొత్తం మారిపోయింది. "నేను లారీలో నిద్రపోతా ఉంటే లేపి మరీ తిండి పెట్టేటోడు. గుడ్ల కోసం పొయ్యి సచ్చినాడమ్మే. రొండు దినాలుగా కాల్పులు ఆగినాయి గదాని, టోపీ ఎత్తుకోని కోడిగుడ్లకు పొయినాడు. తిరిగొచ్చేటప్పుడు యాడినుంచో ఒక్క గుండు. టోపీలో తొమ్మిది గుడ్లు. ఒగటి గూడా పగల్లేదు."

ఇంకా ఏదో చెప్పబోయాడు. ఇంతలో కళ్లు చూసి గుర్తుపట్టే ఇంకో మిషను వచ్చిందని ఆయన్ని లోపలికి లాక్కుపోయారు. పోతూ పోతూ ఒక మాటన్నాడు. "మా ఆఫీసరు సాయిబు తీసిన ఫోటో ఇంటికి అంపినామే, పెట్టెలో పెట్టి. నేనే తాళమేసినా."

ఫోటో అంటూ ఏదీ లేదన్నావు.

ఇంకొక సంగతి. బంధువుల గ్రూపులో నువ్వు పెట్టిన విగ్రహం బొమ్మ పెద్దది చేసి చూశాను. వంటవాడి జేబులో పెన్ను ఎందుకుంది? కుడిచెయ్యి ఆకాశం వైపు ఎందుకు చూపిస్తున్నాడు? అన్నిటికన్నా, ఆ మొహం నీది. ముడతలు తీసేసిన నువ్వు. మీసాల చివర మెలిక కూడా నీదే.

ఫోటో ఎక్కడ? డిసెంబరు 15లోగా రాయి. రాయకపోతే మూడో ఉత్తరం పోస్టుకార్డు మీద, పెద్ద అక్షరాలతో వస్తుంది. పోస్టుమాన్ చదువుకుంటాడు.

కోమలి

*

వడమాలపేట,
13 డిసెంబరు 2024.

కోమలీ, పోస్టుకార్డు రాయొద్దు. అడిగినవన్నీ చెబుతాను.

విగ్రహం ఒళ్లు సెకండ్ హ్యాండ్. పుత్తూరు దారిలో ఢిల్లీబాబు అని విగ్రహాలు పోసే మనిషి ఉన్నాడు. ఎవరో నాయకుడి కోసం పోసిన ఒళ్లు అది. ఆ నాయకుడు పార్టీ మారేసరికి ఆర్డరు ఇచ్చినవాళ్లు తీసుకుపోలేదు. నాలుగేళ్లుగా తల లేకుండా ఎండలో నిలబడి ప్రసంగిస్తూ ఉంది. పచ్చరంగు కొట్టి, భుజానికి తుపాకి వెల్డింగు చేయిస్తే సిపాయి అయిపోయాడు. పెన్ను చెక్కేద్దామంటే గుండెకు రంధ్రం పడుతుందన్నాడు. కంచు కూడా కాదు. సిమెంటు.

తల దగ్గర చిక్కొచ్చింది. "మొగం లేకుండా తలకాయ ఎట్ట పొయ్యాలప్పా? కొడుకు మొగం తండ్రి మొగమే గదా, కూసో" అన్నాడు. కూర్చున్నాను. మూడు గంటలు, ఈగ వాలినా కదలకుండా.

ఫోటో ఉంది. మా నాయనమ్మ ఉండగా వెంకటేశ్వరస్వామి పటం వెనక దోపి మేకులు కొట్టేసింది. ఆమె పోయాక పటం దించితే నాకు దొరికింది. ఢిల్లీబాబుకు దాన్ని ఎందుకు ఇవ్వలేదంటే అందులో మా నాయన ఒక్కడే లేడు. ఒక ఆడమనిషి ఉంది. కాంగో ఆమె. పొడుగ్గా, తలకు గుడ్డ చుట్టుకుని. మా నాయన వంటగుడ్డ కట్టుకుని ఆమె పక్కనే ఆనుకుని నిలబడి నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. పెళ్లి ఫోటోలో కూడా మగవాడు అట్లా నవ్వడు.

పెట్టె వచ్చినరోజే నాయనమ్మ చూసింది. చూసి, ఆడ ఇంకో పెళ్లి చేసుకున్నాడని తేల్చేసింది. కోడలికి చూపిస్తే కడుపులో ఉన్న మీ అమ్మతో సహా బావిలో దూకుతుందని దాచింది. కాగితం కూడా చెదలు తినలేదు. అందులో "కోడిగుడ్లు సేకరించుటకు అనుమతి లేకుండా బయటకు వెళ్లి" అని ఉంది, ఇంగ్లీషులో. పుత్తూరులో చదివించుకున్నాను. ఒకవైపు ఆమె, ఇంకోవైపు ఆమ్లెట్టు. దేనికోసం చచ్చాడని చెప్పను?

ఆ ఫోటోలో నవ్వే మనిషిని నేను ఎన్నడూ నాయనా అని పిలవలేదు కోమలీ. ఢిల్లీబాబు విగ్రహానికి కళ్లు తెరిచినరోజు మాత్రం ఎవరూ లేనప్పుడు పిలిచాను. నా మొహాన్నే పిలిచాను. నవ్వితే నవ్వు.

అమ్మకు మాత్రం ఆ ఫోటో చూపించమని అడగొద్దు. ఉన్న ఒక్క కన్నుతో ఆమె చూసే ఆఖరి బొమ్మ సవతిది కావాలా?

మామ

*

తిరుచానూరు,
26 డిసెంబరు 2024.

మీ నాయనమ్మ ఒక ఆడదాన్ని చూసింది. నువ్వూ ఆడదాన్నే చూశావు. ఇద్దరూ ఆమె చెయ్యి చూడలేదు.

తిరుమలయ్య బతికే ఉన్నట్టు మొన్న రుజువైంది. కళ్ల మిషను చివరికి ఒప్పుకుంది. ఆ సంతోషంలో, ఆఫీసులో నేను రాసిచ్చిన నంబరుకు కోడలి చేత ఫోన్ చేయించాడు. ఫోన్లో ఆయనకు సరిగా వినపడదు కాబట్టి తాను చెప్పదలచుకున్నదే చెప్పాడు. అదే మంచిదైంది.

"గుడ్లు తినేదానికని ఎవురన్నారు? మాకు తినేదానికి డబ్బాల్లో మాంసం ఉండె. ఆ గుడ్లు కట్టుకు. మా క్యాంపులో గుడ్డలు ఉతికే ముసలామె ఉండె, మెట్లమీద పడి ముంజెయ్యి ఇరిగింది. డాక్టరు దెబ్బలు తగిలిన సిపాయిలతో సతమతమైపోతా ఉండె. కుప్పయ్య నేను కడతానన్న్యాడు. అడివిలో పొయ్యి ఏందేందో ఆకు తెచ్చి వాసన సూసి పారేస్తా, ఇంకోటి తెస్తా, రొండు దినాలు వెతికినాడు. గుడ్డుసొన, ఆకుపసురు, ఎదురు బద్దలు. కట్టినాడు. సాయిబు ఆచ్చర్యపడి ఫోటో తీసె. మళ్లా మూడు వారాలకు కట్టు మార్చల్లని గుడ్లకు పొయినాడు."

ఆ ఆకు మన ఆకు కాదు మామా. కాంగోలో మన ఆకు యాడ దొరుకుతుంది? ఆయన వాసన పట్టి వెతికాడు.

పుత్తూరు కట్టు. రోజుకు ఎన్ని బస్సుల జనం ఎముకలు విరగ్గొట్టుకుని నీ షామియానా అంగడి ముందు నుంచి పుత్తూరు పోతారు? ఎన్నివేల కట్లు చూశావు పుట్టినప్పటినుంచి? చెన్నై నుంచి వచ్చేవాళ్లు అర కిలోమీటరు దూరంనుంచి గుర్తుపడతారు ఆ కట్టును. పుత్తూరు పక్కన పుట్టి, ఫోటోలో చేతికి ఉన్న కట్టు కనబడక, పెళ్లి కనబడిందా మీకు?

భూతద్దం పెట్టుకుని చూడు. చూసి రాయి. వారం.

కోమలి

*

వడమాలపేట,
4 జనవరి 2025.

కోమలీ,

చూశాను. అద్దం అవసరం లేకపోయింది.

ముసలామె ఎడమ ముంజేతికి వెదురు బద్దలు నాలుగు. పైన గుడ్డ. గుడ్డ మీద సొన ఎండి మరకలు. నా కళ్లకు అదంతా ఇన్నేళ్లు ఆమె ఏదో నగ వేసుకున్నట్టు కనిపించింది. వెడల్పాటి కడియం అనుకున్నాను. అది కూడా మా నాయనే చేయించి పెట్టి ఉంటాడనుకున్నాను. ఆమె వయసు కూడా ఇప్పుడే చూశాను. మా నాయనకు తల్లి వయసు ఉంటుంది. పళ్లు కూడా లేవు.

అయినా ఒక మాట విను. పత్రికలు పంచేశాను. వచ్చే పెద్దమనిషి ప్రసంగం కాగితం రాయించుకున్నాడు, దాని నిండా చైనాయే. ఇప్పుడు ఫోటో బయటికొస్తే మొహం ఎవరిదని మొదట అడుగుతారు. ఆ కూడలిలో నేను రోజూ నా విగ్రహం కిందనే అంగడి తెరవాలి. 26 జరిగిపోనీ. ఆ తర్వాత ఫిబ్రవరిలో ఒక మంచిరోజు చూసుకుని నేనే అమ్మకు నెమ్మదిగా చెబుతాను. అరవై మూడేళ్లు ఆగింది, ఇంకొక నెల ఆగలేదా?

మామ

*

తిరుచానూరు,
10 జనవరి 2025.

చావుకు తేదీ మార్చావు, దేశం మార్చావు, మొహం మార్చావు. ఇప్పుడు మా అవ్వ గుడ్డితనానికి మంచిరోజు చూస్తున్నావు.

ఆపరేషన్ 24న. డాక్టరు నిన్న మళ్లీ చూశాడు. చూపు నిలవడానికి సగం, పోవడానికి సగం అన్నాడు. ఫిబ్రవరి అనే నెల ఆ కంటికి ఉంటుందో లేదో ఎవరికీ తెలియదు.

నువ్వు చెప్పేదాకా ఆగమన్నావు. నేను ఆగలేదు. నీ ఉత్తరం వచ్చినరోజే అవ్వ దగ్గర కూర్చున్నాను. ఆమె గడప దగ్గర చిక్కుళ్లు ఒలుస్తూ ఉంది, చేత్తో తడిమి.

"అవ్వా, తాత ఫోటో ఒకటి ఉంది. అందులో ఒక ఆడమనిషి ఉంది" అన్నాను.

ఒలవడం ఆపలేదు. "తెలుసు" అంది. "పొడుగ్గా ఉంటాదంట గదా. తలకు గుడ్డంట. మా అత్త సంగటి గెలికినప్పుడంతా సెప్పేది. సచ్చేదాకా సెప్పింది. ఆ పొడుగామె అరవై ఏండ్లుగా నేనుండే ఇంట్లోనే ఉండాది మే, నాతోనే."

మీరు బావి భయంతో దాచిన రహస్యం ఇది మామా. దాచిన మనిషే రోజూ దాన్ని సంగటితో కలిపి వడ్డించింది. తెలియదనుకున్నది నువ్వొక్కడివే.

"పెళ్లాం కాదవ్వా. గుడ్డలుతికే ముసలామె. చెయ్యి విరిగితే తాత కట్టు కట్టాడు. ఆ కట్టుకు గుడ్లు తేబోయి చచ్చాడు."

ఇప్పుడు చేతులు ఆగాయి. ఏడుస్తుందనుకున్నాను.

"ఆయనకు కట్టు కట్టేది రాదే" అంది.

తర్వాత చెప్పింది. ఇది నీకూ తెలియదు, మా అమ్మ తెలుసుకోకుండానే పోయింది. తాత మిలిటరీకి పోకముందు పదేళ్లు పుత్తూరులో ఒక కట్టువాళ్ల దగ్గర ఆకు నూరాడు. కూలికి. రోలు ముందు కూర్చుని తెల్లారి నుంచి సాయంత్రందాకా. ఏ ఆకు, ఎంత సొన, ఎముక ఎట్లా సరిచేస్తారు, అన్నీ చూశాడు. ఒక్క కట్టు కట్టనివ్వలేదు.

"నూరేటోడు నూరల్ల, కట్టేటోడు కట్టల్ల అనిరంట. రోసపడి మిలిటరీకి పాయ. ఆడ పోతే గరిటె ఇచ్చిరి" అని నవ్వింది. నేను ఈ మధ్య ఆమె నవ్వగా చూడలేదు. చిక్కుళ్లు ఒళ్లోంచి జారిపోయాయి. "అయితే కట్టినాడన్నమాట. యాడికి పొయ్యి కట్టినాడు సూడు."

కాసేపటికి నా చెయ్యి పట్టుకుంది. "ఆ ఫోటో తెప్పీ మే. ఆయన మొగం నేను సూడే పన్లే, అది గ్యాపకం ఉండాది. ఆ కట్టు సూడల్ల. నేరుగా కట్టినాడో, వంకరగా కట్టినాడో."

విన్నావా మామా. మా తాత బతికినన్నాళ్లకూ కట్టిన కట్టు అదొక్కటే. పదేళ్లు నూరినవాడు ఒక్కటంటే ఒక్కటి కట్టాడు. అది సరిగ్గా ఉందో లేదో చూసి చెప్పగలిగిన మనిషి భూమ్మీద ఒక్కతే మిగిలింది, ఆమెకు ఒక్క కన్నే మిగిలింది. నువ్వు ఆ కంటికి అడ్డంగా సిమెంటు విగ్రహం నిలబెట్టావు.

నలభై మందిని చంపినవాడి మనవరాలినని ఎవరికైనా చెప్పుకోవచ్చు. నాకు వద్దు. ఒకామె చెయ్యి అతికించడానికి టోపీ పట్టుకుని గుడ్లకు పోయినవాడి మనవరాలిని నేను. ఊరు నవ్వితే ఆ నవ్వు నీ మొహానికే తగులుతుంది, ఆయన మొహం అక్కడ లేదుగా.

నాకు కావలసింది రాస్తున్నాను. ఫోటో నువ్వే పట్టుకుని రా. పోస్టులో వేయొద్దు, ఫోన్లో పంపొద్దు, ఫోన్ వెలుగు ఆమె కంటికి పడదు. పగటిపూట, ఎండ గడపలోకి వచ్చే వేళకు రా. ఆమె చేతికి నువ్వే ఇచ్చి, ఆమె ఏం చెబుతుందో కూర్చుని విను. జనవరి 22 బుధవారం, మధ్యాహ్నం రెండు గంటలు. ఆ పూట డ్యూటీ మార్పించుకున్నాను.

రాకపోతే 26న అవ్వతో నేనే వస్తాను. చూపు ఉన్నా లేకపోయినా ఆమెను ఆ విగ్రహం దగ్గరికి నడిపించి, మొహం తడమనిచ్చి, ఇది ఎవరి మొహమో నీ మైకులోనే చెప్పమంటాను. కన్నతల్లికి కొడుకు మొహం తెలుసుకోవడానికి కళ్లు అక్కర్లేదు.

వస్తున్నావో లేదో, ఒక్క మాట, జనవరి 20 సోమవారం సాయంత్రం పోస్టులోగా నాకు అందాలి.

కోమలి